బుర్రా వారి వైఫై రిపేరు

మా అత్తగారింటి పేరు బుర్రా. ఆ సంగతి మీరు అడగక్కర్లేదు, వాళ్ళే చెబుతారు. మా మామగారు కోటిలింగం గారైతే చెప్పి ఊరుకోరు, రెండు వేళ్ళతో నెత్తిమీద టకటకా కొట్టి వినిపిస్తారు. "విన్నారా? నిండుగా ఉంది. ఊరికే పెట్టలేదండీ మాకీ ఇంటిపేరు."

పెళ్ళిచూపుల నాడు మా నాన్నతో ఏమన్నారో తెలుసా? "బావగారూ, మా ఇంట్లో ఏ మాటా రెండోసారి చెప్పే పనిలేదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఇసుమంత అటూ ఇటూ ఉండదు." అంతే, మా నాన్న మురిసిపోయి అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చుకున్నాడు. నవ్వకు నాన్నా, నిన్నే అంటున్నా. నిన్ను నేనింకా క్షమించలేదు.

నేను కాక ఆ ఇంట్లో ముగ్గురు. మామగారు దుగ్గిరాల బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకులో బస్సుల పేర్లు చదివి రిటైరయ్యారు. మా అత్తగారు మాణిక్యమ్మ గారు ఆయన మాట జవదాటదు. మా ఆయన పానకాలు డిప్లొమా చదివాడు. ఏం డిప్లొమా అని అడక్కండి. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టిన డిప్లొమా, దాని మీద రోజూ దుమ్ము దులుపుతారు.

ఇక నేను. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, ఏడాదిన్నర నుంచి ఆ ఇంట్లో పప్పు రుబ్బుతున్నాను. చివరికి హైదరాబాదు కంపెనీ ఒకటి దొరికింది. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పిల్లలకి లెక్కలు చెప్పాలి. రెండు పరీక్షలు పెట్టారు, రెండూ గట్టెక్కాను. ఇక ఆఖరిది, వీడియోలో ఇంటర్వ్యూ. ఉన్నది ఒక్క ఉద్యోగం, మిగిలింది నేనూ ఇంకో అమ్మాయీ. బుధవారం సాయంత్రం నాలుగింటికి. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో మీకెవరికీ తెలియదు. రోజుకి నాలుగు గంటలైనా, చెప్పిన మాట అర్థం చేసుకునే మనుషులతో మాట్లాడొచ్చు కదా, అదీ నా ఆశ.

బుధవారం పొద్దున పదింటికి నెట్టు ఆగింది. రూటరు మీద పచ్చగా ఉండే దీపం ఎర్రబడింది. నేను గడియారాన్నీ దాన్నీ మార్చి మార్చి చూశాను.

"నువ్వెందుకే కంగారు? మేం ముగ్గురం లేమూ?" అంది అత్తగారు. నా కంగారంతా అక్కడే అని ఎట్టా చెప్పను?

మామగారు కంపెనీకి ఫోను కొట్టి స్పీకరులో పెట్టారు. అందులోంచి తియ్యటి గొంతు ఒకటి, "మీ కాల్ మాకెంతో ముఖ్యం. దయచేసి లైనులో ఉండండి" అంది.

ఇంకేముంది, మామగారు గభాల్న లేచి రూటరు ముందు నిటారుగా నిలబడ్డారు. "మాణిక్యం, రా. నా వెనక నిలబడు. పానకాలూ, అమ్మ వెనక. లైనులో ఉండమంటున్నారు."

అత్తగారు చేతిలో గరిటెతోనే వచ్చి నిలబడింది. మా ఆయన సగం గడ్డం గీసుకుని సబ్బు నురగతో వచ్చాడు. "హైమా, నువ్వు నాలుగు" అన్నాడు. నేను రానన్నాను. "నీ ఉద్యోగం కోసమే కదే నిలబడింది, నీకే లేకపోతే ఎట్టా?" అని అత్తగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సరే, నిలబడ్డాను. అదీ నా బతుకు.

అంతలో గ్యాసు బండ తెచ్చినతను వచ్చాడు. "ముందు లైనులోకి రావయ్యా" అన్నారు మామగారు. పాపం అతను ఏదో సంతకాలకేమో అనుకుని బండ భుజాన పెట్టుకునే నా వెనక నిలబడ్డాడు. ఫోనులో సంగీతం. పొయ్యి మీద పులుసు మాడు వాసన. "అమ్మా, పులుసు" అన్నాడు మా ఆయన. "లైను తప్పితే మళ్ళీ మొదటికొస్తుందిరా" అంది ఆవిడ. నలభై నిమిషాలు నిలబడ్డాం. గ్యాసతను బండ దించి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

చివరికి కంపెనీ మనిషి పలికాడు. "సార్, లైటు ఏ రంగులో ఉంది?"

"ఎర్రగా ఉందండీ."

"పచ్చ లైటు రావాలి సార్. అది పచ్చగా ఉంటేనే నెట్టు వస్తుంది. ఒక అరగంట చూసి మళ్ళీ చెయ్యండి."

ఫోను పెట్టేశారు. "పచ్చగా ఉండాలట" అన్నారు మామగారు.

"అదెంత పని!" అని అత్తగారు వంటింట్లోకి వెళ్ళింది. దుగ్గిరాలలో పసుపుకేం కరువు? గిన్నెడు పసుపు నీళ్ళతో కలిపి తెచ్చి, గడపకి రాసినట్టు రూటరు నిండా రాసింది. నేను చూసేసరికి దానికి బొట్టు కూడా పెట్టేసింది.

"అయ్యో అత్తయ్యా, పచ్చ అంటే పసుపు కాదండీ!"

"పచ్చ అంటే పసుపు కాదా? పచ్చని పెళ్ళిబట్టలు అంటాం. అవి ఏ రంగు?"

"అమ్మా, నువ్వుండు," అన్నాడు మా ఆయన. హమ్మయ్య, డిప్లొమా పని చేస్తోంది అనుకున్నాను. "పచ్చలో రెండు రకాలు. పసుపుపచ్చ, ఆకుపచ్చ. అతను ఏ పచ్చో చెప్పలేదు కాబట్టి రెండూ రాయాలి." అని పెరట్లోకి వెళ్ళి గుప్పెడు గోంగూర కోసుకొచ్చి, మిక్సీలో వేసి తిప్పి తెచ్చి పసుపు మీద పూశాడు. మామగారు దూరంగా జరిగి, కళ్ళు చిట్లించి చూసి, "ఎరుపు కనిపిస్తోందా?" అన్నారు. "లేదు నాన్నా." "మరి? సగం రిపేరు అయిపోయింది."

నేను పాత చీర ముక్క తెచ్చి ఆ గోంగూర పచ్చడంతా తుడుచుకుంటూ కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఈలోగా మళ్ళీ ఫోను కొట్టారు, మళ్ళీ లైనులో నిలబడ్డారు. ఈసారి ఇంకో మనిషి.

"ఏం లేదు సార్, ఒక్కసారి తీసి పెట్టండి. సర్దుకుంటుంది."

తీసి మళ్ళీ పెట్టమని అతని ఉద్దేశం. లోకంలో అందరికీ తెలుసు. నేను చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. రెండు నిమిషాలు, అంతే. తిరిగొచ్చేసరికి బల్ల మీద రూటరు లేదు, గోడకి తీగె లేదు.

"ఏదండీ?"

"తీసి పెట్టాం" అన్నారు మామగారు గర్వంగా.

"ఎక్కడ పెట్టారు?"

"బీరువాలో. పట్టుచీరల మడతలో. నువ్వేం బెంగపెట్టుకోకు, ఎవరి కంటా పడదు."

"అది కాదు మామయ్యా! తీసి, మళ్ళీ అక్కడే పెట్టాలి!"

"మళ్ళీ అనలేదమ్మాయ్. నేను విన్నాను. తీసి పెట్టండి అన్నాడు. మొన్న మీ అత్త నీకు గారెలు తీసి పెట్టింది కదా. తీసి మళ్ళీ నూనెలో పెట్టిందా?"

బీరువా తాళం ఏదని అడిగాను. "దాన్నీ తీసి పెట్టాను" అంది అత్తగారు. ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తులేదు. బియ్యం డబ్బాలో దొరికేసరికి ఒంటిగంటన్నర. ఇంత చేసీ, పెట్టి చూస్తే మళ్ళీ ఎర్ర దీపమే.

ఇక లాభం లేదని నా సెల్‌ఫోను తీశాను. దాంట్లో నెట్టు ఉంది, దాన్నే కంప్యూటరుకి కలుపుకుంటే నా పని అయిపోతుంది. ఆ బుద్ధి నాకు పదింటికే పుట్టి ఉంటే ఈ కథే లేదు. తలస్నానం చేసి చీర కట్టుకోవాలి, టైము లేదు. "ఏవండీ, నా ఫోను హాట్‌స్పాట్ పెట్టండి, ఇప్పుడే వస్తా" అని మా ఆయన చేతికిచ్చి వెళ్ళాను. ఆ ఫోను ఆయన చేతికి ఎందుకిచ్చానా అని ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

తల తుడుచుకుంటూ వస్తుంటే ఏదో ప్లాస్టిక్కు కాలిన వాసన.

"ఏవండీ, ఫోనేది?"

"హాట్‌స్పాట్‌లో పెట్టా." వంటింట్లోకి వేలు చూపించాడు. "హాట్ అంటే వేడి, స్పాట్ అంటే చోటు. ఇంట్లో అట్లపెనం కన్నా వేడి చోటు ఏముంది?"

నేను వంటింట్లోకి ఉరకబోయాను. ఆయన నా భుజం తట్టాడు. "అంత భయమెందుకే? సిమ్ములోనే పెట్టాగా."

పెనం మీద నా ఫోను అట్టు కాలినట్టు అంచులు లేచింది. అత్తగారు అట్లకాడతో గీకి తీసి, "రెండోవైపు కూడా తిప్పాలా?" అని అడిగింది.

కేకలు పెట్టానా? పెట్టాను. ఆ ముగ్గురినీ వరసబెట్టి కడిగేశాను. ముగ్గురూ బుద్ధిగా విన్నారు. విని, "పాపం, ఇంటర్వ్యూ భయం" అనుకున్నారు.

రెండున్నరకి ఎదురింటికి పరిగెత్తాను, వాళ్ళ నెట్టు వాడుకుందామని. వాళ్ళదీ ఆగింది. వీధి వీధంతా ఆగిందట. మలుపులో స్తంభం దగ్గర లారీ తగిలి తీగె తెగిందట, అతికించే మనిషి బయల్దేరాడట. అంటే మా రూటరుకి అసలు ఏ రోగమూ లేదు! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మాట చెప్పి వాళ్ళని ఆపుదామని గబగబా ఇంటికొచ్చాను.

గుమ్మంలో ఉండగానే ధబ్ ధబ్ మని చప్పుడు. నా గదికీ హాలుకీ మధ్య గోడలో పెద్ద కన్నం. ఇటువైపు మా ఆయన గునపంతో, ఒళ్ళంతా సున్నం. అటువైపు నా గదిలో, నా మంచం మీద నిలబడి, ఆ కన్నంలోంచి అత్తగారి మొహం.

"హైమా, కనిపిస్తున్నానా?" అంది సంబరంగా. "ఇంక అడ్డం లేదు!"

"ఎవరు చెప్పారు గోడ కొట్టమని?"

"కంపెనీ ఆయనే, నువ్వటు వెళ్ళగానే మళ్ళీ ఫోను కొట్టాం," అన్నారు మామగారు. "మధ్యలో గోడ ఉంటే సిగ్నలు అందదు సార్, గోడ అడ్డం లేకుండా చూసుకోండి అన్నాడు. చూసుకున్నాం."

"తెగింది బయట స్తంభం దగ్గర మామయ్యా. మనిషి వచ్చి అతికిస్తాడు. మీరేం చెయ్యొద్దు. దండం పెడతాను, ఊరికే కూర్చోండి."

మామగారు నావైపు జాలిగా చూశారు. "కంపెనీవాడికి తెలియనిది నీకు తెలుసా అమ్మాయ్?"

ఆ మాట ఇంకా నా చెవుల్లో గుచ్చుకుంటూనే ఉంది. ఫోనులో ముక్కూ మొహం తెలియనివాడు చెబితే వేదం. ఇంట్లో కోడలు చెబితే భయం. ఆ ఇంట్లో ఏడాదిన్నరగా ఇదే వరస.

మూడున్నరకి స్తంభం దగ్గర మనిషి తీగె అతికించినట్టున్నాడు, ఠక్కున దీపం పచ్చబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా! గోడ తియ్యగానే వచ్చింది" అని ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకోనీ, నాకేం? కన్నానికి దుప్పటి కట్టి, సున్నం దులిపి, కంప్యూటరు ముందు కూర్చున్నాను. "గంటసేపు నన్ను పిలవొద్దు, ఈ గదిలోకి రావొద్దు" అని చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేశారు. పిలవలేదు, గదిలోకి రాలేదు.

నాలుగింటికి ఇంటర్వ్యూ మొదలైంది. అవతల ఇద్దరు మేడమ్‌లు, నవ్వుమొహాలు. అడిగిందానికల్లా చెబుతున్నాను, వాళ్ళు తలలూపుతున్నారు. ఎంత హాయిగా ఉందో! ఒక ప్రశ్న అడిగితే ఆ ప్రశ్నకే జవాబు చెప్పడం, వాళ్ళకి అది అర్థం కావడం. ఏడాదిన్నర తర్వాత మనిషినైనట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడే కంపెనీవాడు మామగారికి ఫోను చేశాడట. "నెట్టు వచ్చిందా సార్?" "వచ్చిందండీ." "సంతోషం. ఇంక దాన్ని వదిలెయ్యండి. చేత్తో ముట్టుకోవద్దు."

హాల్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. "వదిలెయ్యమన్నాడు," అన్నారు మామగారు. "ఎక్కడ వదలాలి?" అంది అత్తగారు. "మొన్న చవితికి వినాయకుణ్ణి ఎక్కడ వదిలాం?" అన్నాడు మా ఆయన. అంతే. కాలవ మా సందు చివరే. మరి చేత్తో ముట్టుకోకూడదుగా? మా అత్తగారు వంటింట్లోంచి పట్టకారు తెచ్చింది. పట్టకారుతో రూటరు పట్టుకుని, పళ్ళెంలో పెట్టుకుని, నాకు వినబడకూడదని చెప్పులు కూడా చేత పట్టుకుని, ముగ్గురూ బయల్దేరారు.

ఇవతల నన్ను పెద్ద మేడమ్ అడిగింది, "హైమావతి గారూ, చిన్న పిల్లలకి సున్నా అంటే ఏంటో ఎట్టా చెబుతారు?" నాకు భలే ఇష్టమైన ప్రశ్న. నవ్వుతూ నోరు తెరిచాను. తెర ఆగిపోయింది. మేడమ్ అట్టాగే తల వంచి ఉండిపోయింది. గడియారం చూశాను, నాలుగూ పది.

మళ్ళీ వస్తుందేమోనని పది నిమిషాలు మీటలు నొక్కి చూసి, హాల్లోకి పరిగెత్తాను. బల్ల మీద ఏమీ లేదు. వీధి గుమ్మంలోంచి మామగారూ అత్తగారూ మోకాళ్ళదాకా తడిసి లోపలికి వస్తున్నారు.

"రూటరేదండీ?"

"వదిలేశాం," అన్నారు మామగారు. "మీ ఆయన గట్టునే ఉన్నాడు, పూర్తిగా మునిగేదాకా చూసి వస్తాడు."

నేను అక్కడే నేల మీద కూలబడ్డాను. మామగారి జేబులో ఫోను మోగింది. దరఖాస్తులో నా నంబరు కింద రెండో నంబరు ఆయనదే రాశాను. నాదేమో పెనం మీద కాలిపోయిందాయె. ఆయన స్పీకరులో పెట్టారు.

"నమస్కారమండీ, హైమావతి గారి ఇల్లేనా? ఇంటర్వ్యూ ఆఫీసు నుంచి. హైమావతి గారు మధ్యలో పోయారండీ."

మామగారి మొహం పాలిపోయింది. "పోయిందా? మా కోడలా?"

"అవునండీ. చక్కగా మాట్లాడుతున్నారు, ఉన్నట్టుండి పోయారు."

"ఓరి దేవుడో! హైమ పోయిందటే మాణిక్యం!"

అత్తగారు బావురుమని నా మీద పడి, నన్ను గట్టిగా వాటేసుకుంది. "మన హైమ పోయిందే తల్లీ! ఇంత చిన్న వయసులోనే!" నేను ఊపిరాడక గింజుకుంటున్నాను. "అత్తయ్యా, నేను ఇక్కడే ఉన్నానండీ! వదలండి! మామయ్యా, ఆ ఫోను ఇటివ్వండి!"

"ఉష్, అమ్మాయ్! ఆఫీసు నుంచి," అని చెయ్యెత్తి నన్ను వారించి, ఫోనులో అడిగారు. "ఎన్నింటికి పోయిందండీ?"

"నాలుగూ పదికి."

"బాధపడిందా?"

"లేదండీ, నవ్వుతూనే ఉన్నారు. ఏదో చెప్పబోతూ నోరు తెరిచి అట్టాగే ఆగిపోయారు."

"పుణ్యాత్మురాలు," అని మామగారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఏంటండీ, అక్కడ ఎవరో ఏడుస్తున్నట్టున్నారు? సరే, పావుగంట చూస్తామండీ. మళ్ళీ వస్తారా?"

"వస్తానని చెప్పండి!" అని అరిచాను. మా అత్తగారి ఏడుపు ముందు నా అరుపు ఏపాటి?

"పోయినవాళ్ళు ఎట్టా వస్తారమ్మా," అన్నారు మామగారు.

"అయ్యో. మంచి అమ్మాయండీ. ఇక రారంటే రెండో అమ్మాయికి ఇచ్చేస్తాం ఉద్యోగం."

"ఇచ్చెయ్యండి తల్లీ. పోయిన మనిషికి ఉద్యోగం దేనికి?"

ఫోను పెట్టేశారు. ఏడాదిన్నర ఎదురు చూశాను, రెండు పరీక్షలు గెలిచాను, సున్నా దగ్గరిదాకా వచ్చాను. ఒక్క ముక్కతో అయిపోయింది. నాకు దుఃఖం పొంగుకొచ్చి గొల్లుమన్నాను. అది చూసి అత్తగారు నా తల నిమిరింది. "ఏడు తల్లీ, ఏడు. నీకూ దానికీ ఎంత పొత్తో నాకు తెలియదా!"

అంతలో మా ఆయన తడి పంచెతో వచ్చాడు. మామగారు ఆయన్ని పట్టుకుని విషయం చెప్పారు. మా ఆయన గోడకి చేరగిలబడి చిన్నపిల్లాడిలా వలవలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, నా దగ్గరికొచ్చి పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నాడు. ఈయనకైనా నేను కనిపించాను అనుకున్నాను.

"నాకు ధైర్యం చాలడం లేదే," అన్నాడు గొంతు తగ్గించి. "అసలే ఆ ఉద్యోగం మీద గంపెడాశ పెట్టుకుని ఉంది. ఈ సంగతి హైమకి నువ్వే మెల్లిగా చెప్పవూ?"